కథ మీద ఎనిమిది అభిప్రాయాలు: ఏది వినాలి, ఏది వదలాలి

కథా వర్క్‌షాప్‌లో మీ కథ వంతు వచ్చింది. చుట్టూ ఎనిమిది మంది. మొదటావిడ ముగింపు అద్భుతం అంది. రెండో ఆయన ఆ ముగింపే కథను చెడగొట్టిందన్నాడు. మూడో ఆయన ఇది కథే కాదు, స్కెచ్ అని తేల్చేశాడు. నాలుగో ఆవిడ వాళ్ల మేనత్త గురించి చెప్పడం మొదలుపెట్టి మళ్లీ కథ దగ్గరికి రాలేదు. ఒకాయన అచ్చుతప్పులు ఏరుకొచ్చాడు. ఇంకొకాయన కథ చదవకుండానే వచ్చాడు, అయినా అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు. గంట తిరిగేసరికి నోట్‌బుక్కులో పేజీలు నిండాయి గానీ వాటిని ఏం చేసుకోవాలో మాత్రం తెలియదు.

ఇంటికెళ్లాక కొందరు అందరి మాటా మన్నించి కథను ఎనిమిది వైపులకీ లాగుతారు. కొందరు ‘వీళ్లకి నా కథ అందలేదు’ అని నోట్‌బుక్కు మూసేస్తారు. ఇద్దరూ విన్నవాటిని తీర్పుల్లాగే తీసుకున్నారు. ఒకరు తీర్పుకి తల వంచారు, ఇంకొకరు తీర్పుని కొట్టేశారు. నా దృష్టిలో అక్కడ రచయితకి దొరికేది సమాచారం. ఏ వాక్యం దగ్గర ఏ పాఠకుడు ఏమనుకున్నాడు, ఎక్కడ పేజీ తిప్పబుద్ధి కాలేదు, ఎక్కడ తప్పుదారి పట్టాడు అన్న సమాచారం. పత్రికలో అచ్చయిన కథకి ‘బావుందండీ’ అన్న ఫోన్లు వస్తాయి గానీ ఇది రాదు. అయితే ఆ సమాచారం సలహాలతో, సిద్ధాంతాలతో, మొహమాటాలతో కలిసిపోయి వస్తుంది. దాన్ని విడదీసుకోవడమే పని.

ముందు ఈ పద్ధతి ఎక్కడిదో చూద్దాం, ఎందుకంటే దాని బలమూ లోపమూ పుట్టుకలోనే ఉన్నాయి. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లో రచయితల వర్క్‌షాప్ మొదలుపెట్టింది. 1941 నుంచి 1965 దాకా పాల్ ఎంగెల్ దాన్ని నడిపాడు. తోటివాళ్లు కథ గురించి మాట్లాడుతుంటే రాసినవాళ్లు మౌనంగా వినాలన్న ఆనవాయితీకి పేరుపడ్డది ఆ బడే. 1956లో సైన్స్ ఫిక్షన్ రచయితలు డేమన్ నైట్, జుడిత్ మెరిల్, జేమ్స్ బ్లిష్ పెన్సిల్వేనియాలోని మిల్‌ఫర్డ్ అనే ఊళ్లో సమావేశాలు మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో అందరూ కథలు ముందే చదివి వస్తారు. గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరు వంతులవారీగా కొద్ది నిమిషాలు మాట్లాడతారు, మధ్యలో ఎవరూ అడ్డురాకూడదు. చివరి మనిషి చెప్పేదాకా రచయిత నోరు విప్పకూడదు. ఆ తర్వాతే జవాబు. 1968లో మొదలైన క్లారియన్ వర్క్‌షాప్ ఇదే పద్ధతిని తీసుకుంది. ఇవాళ మన దగ్గర ఏ రిసార్టులోనో, సెలవుల్లో ఖాళీగా ఉన్న ఏ స్కూల్లోనో రెండ్రోజులు కూర్చునే కథకులు కూడా, పేరు తెలిసినా తెలియకపోయినా, దాదాపు దీన్నే పాటిస్తున్నారు. కథలు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా ముందే వస్తాయి, అంతే తేడా.

రచయిత మౌనం ఎందుకంటే, ఆదివారం అనుబంధంలో కథ చదివే మనిషి పక్కన కూర్చుని మీరు ‘అది కాదండీ, అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే’ అని చెప్పలేరు. కాగితం మీద ఉన్నదే కథ. వర్క్‌షాప్‌లో మీరు ఒక్క ముక్క వివరించారంటే, ఆ క్షణం నుంచి అక్కడున్నవాళ్లు కథను మీరు చెప్పిన అర్థంతో సరిచేసుకుని మాట్లాడతారు. వాళ్లకి మొదట ఏమనిపించిందో ఇక బయటికి రాదు. పైగా మన జనం మర్యాదస్తులు. రచయిత మొహం చిన్నబోయిందంటే మాట మార్చేస్తారు.

మౌనానికి నష్టమూ ఉంది. మొదట మాట్లాడిన మనిషి కథను ఒకలా అర్థం చేసుకుంటే మిగతావాళ్లు అదే బాటలో నడుస్తారు. రచయిత అరగంట పాటు వేరే ఎవరిదో కథ గురించి వింటున్నట్టు కూర్చోవాలి. దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతుల్లో నాకు ఎక్కువ నచ్చింది నృత్యరంగం నుంచి వచ్చింది. కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో ఒక క్రమం తయారు చేసింది. మొదట చూసినవాళ్లు తమకి ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత కళాకారుడే ప్రశ్నలు అడుగుతాడు. ఆపైన చూసినవాళ్లు అడుగుతారు, కానీ ప్రశ్నలో అభిప్రాయం దాచకూడదు. ‘ముగింపు ఎందుకంత తొందరగా ముగించారు?’ అనేది అభిప్రాయమే. ‘ముగింపు చదివాక పాఠకుడు ఏ స్థితిలో ఉండాలనుకున్నారు?’ అనేది ప్రశ్న. చిట్టచివర అభిప్రాయాలు, అవీ అనుమతి అడిగి: ‘మీ ముగింపు గురించి నాదో మాట ఉంది, చెప్పమంటారా?’ వద్దనే హక్కు కళాకారుడికి ఉంటుంది. మన సభల్లో సీనియర్ గారిని ‘వద్దండీ’ అనడం ఎలాగో నాకు తెలియదు గానీ, రెండో మెట్టు మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు. కథ పంపేటప్పుడే కింద రెండు ప్రశ్నలు రాసి పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ‘ఎలా ఉంది?’ అని మాత్రం రాయకండి. దానికి ‘బావుంది’ తప్ప జవాబు రాదు.

ఇక అసలు చిక్కుముడి. వర్క్‌షాప్‌లో ఒక మనిషి రెండు నిమిషాలు మాట్లాడితే అందులో మూడు రకాల మాటలు ఉంటాయి. చదువుతుంటే ఏం జరిగిందో చెప్పేవి: ‘ఇక్కడ నాకు విసుగొచ్చింది’. కారణం ఊహించేవి: ‘వర్ణన ఎక్కువైంది’. మందు రాసేవి: ‘ఆ సీను తీసేయండి’. మొదటి రకానికి ఎదురులేదు. ఆయనకి విసుగొచ్చింది, అంతే, రాలేదని మీరు వాదించలేరు. రెండో రకం సగం సగం నిజం. మూడో రకం చాలాసార్లు ఆయన తన కథ రాసుకుంటే చేసేది. మన దురదృష్టం ఏమిటంటే నోట్‌బుక్కులోకి ముందు ఎక్కేది ఈ మూడో రకమే, ఎందుకంటే అది చేయాల్సిన పనిలా వినిపిస్తుంది.

ఒక కథ ఊహించుకుని చూద్దాం. జగిత్యాల దగ్గర పల్లె. రాజవ్వ కొడుకు శేఖర్ దుబాయి పోవడానికి సిద్ధమవుతున్నాడు. పాస్‌పోర్టు పట్నంలో ఏజెంటు దగ్గరుంది. ఒకరోజు పొద్దున రాజవ్వ కొంగున డబ్బు ముడేసుకుని బస్సెక్కుతుంది. బస్సులో పక్కింటామెతో మాటలు, కిటికీలోంచి పసుపు చేలు, కండక్టరుతో చిల్లర గొడవ. ఏజెంటు కూర్చోబెట్టి చాయ్ ఇప్పిస్తాడు. మిగతా పైసలు కట్టడానికి కొడుకు పంపాడని చెప్పి ఆమె పాస్‌పోర్టు తీసుకుంటుంది. తిరిగొస్తూ మధ్యలో దిగి, ఎస్సారెస్పీ కాలువ గట్టు మీద చెప్పులు విడిచి, పాస్‌పోర్టుని నీళ్లలో వేసేస్తుంది. భర్త గంగారాం శవపేటికలో తిరిగొచ్చాడన్న సంగతి ఏజెంటు దగ్గర, ఆమె నోట ఒక్క మాటగా వస్తుంది: ‘గాయన పెట్టెల అచ్చిండు.’

వర్క్‌షాప్‌లో వచ్చిన మాటలు ఇలా ఉన్నాయనుకోండి. ముగింపు హఠాత్తుగా ఉంది, ఇంకో పేరా ఉండాల్సింది. బస్సు ప్రయాణం సాగింది, సగానికి కోసేయొచ్చు. రాజవ్వ మనసులో ఏముందో తెలియట్లేదు, భర్త గురించి ఒక ఫ్లాష్‌బ్యాక్ పెట్టండి. ఏజెంటు మరీ మంచివాడిలా ఉన్నాడు, నమ్మబుద్ధి కాలేదు. ‘పెట్టెల అచ్చిండు’ అంటే సామాను పెట్టె అనుకున్నాను. కాలువ గట్టు మీద చెప్పులు విడవడం చాలా బాగుందండీ.

మొదటి మూడు మాటలూ వేరువేరు పేజీల గురించి ఉన్నాయి, మూడు వేరువేరు మందులు చెబుతున్నాయి. మూడూ పాటిస్తే కథకి చివర ఒక తోక, మధ్యలో ఒక ఫ్లాష్‌బ్యాక్ వస్తాయి, బస్సు పోతుంది. కానీ మందులు చెరిపేసి పాఠకుల అనుభవాలే పక్కపక్కన పెట్టి చూడండి. బస్సులో విసుగు, ఆమె మనసు అందకపోవడం, చివర ఉలికిపాటు. ముగ్గురికీ ఒకటే తెలియలేదు: ఆమె ఎందుకు వెళ్తోందో. రచయిత దాన్ని కావాలనే దాచాడు. కొసమెరుపు కోసం. ఎందుకెళ్తోందో మనకి తెలియని మనిషి బస్సులో కూర్చుంటే పసుపు చేలు పసుపు చేలే. చూస్తూ ఎంతసేపని కూర్చుంటాం?

డ్రాఫ్టులో బస్సు సీను ఈ వాక్యంతో మొదలైంది:

‘పొద్దున్నే లేచి, కొంగున డబ్బు ముడేసుకుని రాజవ్వ జగిత్యాల బస్సెక్కింది.’

తిరగరాస్తే:

‘ఏజెంటుకి చెప్పాల్సిన అబద్ధాన్ని నోట్లోనే మరోసారి అనుకుని చూసుకుని, కొంగున డబ్బు ముడేసుకుని రాజవ్వ జగిత్యాల బస్సెక్కింది.’

బస్సు సీనులో ఇంకో అక్షరం కదపక్కర్లేదు. ఇప్పుడు పక్కింటామె ‘ఎటు వోతున్నవ్ రాజవ్వా?’ అని అడిగితే అది ఉత్త కబుర్లు కాదు, గండం. కండక్టరుతో చిల్లర గొడవలో కొంగుముడి విప్పాల్సి వస్తుందేమోనని మనకే బెంగ పడుతుంది. పాస్‌పోర్టుని ఏం చేస్తుందో ఇప్పటికీ తెలియదు కాబట్టి కొసమెరుపు పూర్తిగా పోలేదు. కాకపోతే అది మెరుపుగా పడటం మానేసి, మనం ఎదురుచూసేదిగా మారింది. సాగిందన్న సీను బిగిసింది, ఫ్లాష్‌బ్యాక్ అవసరం తప్పింది, ముగింపుకి పేరా అక్కర్లేదు. ఎవరూ చెప్పని మందు ఇది. కానీ వాళ్లు మాట్లాడకపోతే ఆ వాక్యం దగ్గరికి రచయిత వెళ్లేవాడే కాదు.

మిగతా మూడింటి దారి వేరు. ఏజెంటు మంచివాడిలా ఉన్నాడన్నది ఒక్కరే. ఏజెంటు అనగానే మోసగాడే అయ్యుండాలన్న అంచనా కథలోది కాదు, బయటినుంచి ఆయన తెచ్చుకున్నది. చాయ్ ఇప్పించి కుటుంబ క్షేమం అడిగే ఏజెంటుకి అబద్ధం చెప్పడం మోసగాడికి చెప్పడం కన్నా కష్టం, అందుకే అతను అక్కడ అలా ఉన్నాడు. ఇది వదిలేయాల్సిన మాట. చెప్పుల గురించి వచ్చిన మెప్పుని మాత్రం వదలకూడదు. రచయిత ఆ వివరాన్ని చేతికొచ్చినట్టు రాసి ఉండొచ్చు, తర్వాతి డ్రాఫ్టులో ‘బిగువు’ పేరిట అదే ముందు ఎగిరిపోతుంది. మెచ్చుకోలుని మర్యాద కింద జమకట్టి రాసుకోని వాళ్లు చాలామంది. ఏ వాక్యాన్ని ముట్టుకోకూడదో చెప్పేది అదొక్కటే.

‘పెట్టెల అచ్చిండు’ దగ్గర కాసేపు ఆగాలి. మన వర్క్‌షాపుల్లో ఇది తరచూ లేచే గొడవ. ఎవరో ఒకరు మాండలికం అందరికీ అర్థం కాదు అంటారు, ఇంకొకరు ఆత్మగౌరవం అంటారు, ఆ పూట అక్కడితో సరి. తీర్పుల భాషలో మాట్లాడితే ఈ రెండే పక్షాలు. సమాచారంగా చూస్తే విషయం చిన్నది: ఒక పాఠకుడు శవపేటికని సామాను పెట్టె అనుకున్నాడు. అది నిజంగా జరిగింది, కథకి నష్టం కూడా. అంతమాత్రాన ఆ మాటని పత్రికల తెలుగులోకి మార్చాలనో, కింద అర్థం ఇవ్వాలనో కాదు. జగిత్యాల పాఠకుడికి గుచ్చుకునేదే ఆ కొద్ది అక్షరాల పొదుపు. పక్కన ఇంకో ముక్క పడితే చాలు: ‘గాయన పెట్టెల అచ్చిండు. నలుగురు వట్టి దించిండ్రు.’ విజయవాడలో చదివే మనిషికీ అర్థమవుతుంది, రాజవ్వ నోరూ రాజవ్వదే అవుతుంది.

అసలు ప్రశ్న, వలయంలో కూర్చున్నది ఎవరు అన్నది. ఎనిమిది మందిలో ఏడుగురు హైదరాబాద్ ఐటీ ఉద్యోగులైతే, ఆ ఏడుగురికీ ఒకచోట అడ్డుతగిలినంత మాత్రాన అది కథలో లోపం కాకపోవచ్చు. అయోవాలోనే జరిగిన ముచ్చట ఒకటి ఉంది. చికాగోలో మెక్సికన్ కుటుంబంలో పుట్టిన సాండ్రా సిస్నెరోస్ 1970ల చివర్లో అక్కడ చదివింది. ఒక సెమినార్‌లో ఇల్లు, దాని జ్ఞాపకాలు అన్న విషయం మీద చర్చ. తోటి విద్యార్థులు అటకలూ మెట్లూ ఉన్న పెద్ద ఇళ్ల గురించి అలవోకగా మాట్లాడుతుంటే, తనకి అలాంటి ఇల్లే లేదని ఆమెకి తట్టింది. వాళ్లెవరూ రాయలేనిది తను రాయాలనుకుంది. 1984లో వచ్చిన ఆమె తొలి నవలకి విత్తనం అక్కడ పడిందని తనే చెప్పుకుంది. ఆ గది ఆమెకి నేర్పింది ఎవరి సలహా వల్లా కాదు. వాళ్లకీ తనకీ ఉన్న దూరం ఎంతో కనిపించడం వల్ల. వర్క్‌షాప్‌లో ‘సగటు పాఠకుడు’ అంటూ ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారన్న చర్చ అమెరికాలోనూ ఈ మధ్య గట్టిగానే నడుస్తోంది. మాథ్యూ సాలెసెస్ వంటి రచయితలు 2021లో దీని మీద పుస్తకాలే తెచ్చారు.

మన దగ్గర ఇంకో రెండు అలవాట్లు ఉన్నాయి, బయటి పుస్తకాల్లో వీటికి మందు దొరకదు. ఒకటి, కథ పేరు చెప్పి వస్తువు మీద చర్చ. గల్ఫ్ వలసకి అసలు కారణం వ్యవసాయ సంక్షోభం కదా, దాన్ని కథ ఎందుకు పట్టించుకోలేదు అని ఒకరు అందుకుంటారు. ఇంకొకరు, పాస్‌పోర్టు పారేయడం పరిష్కారమా అంటారు. మంచి చర్చే, చాయ్ విరామంలో నేనూ చేరతాను. కానీ ఆ గంట రచయితది. ‘మీకు అలా అనిపించింది కథలో ఏ చోట?’ అని ఎవరైనా అడిగితే సగం ప్రసంగాలు అక్కడే ఆగిపోతాయి. చోటు చూపించగలిగితే అది రాసుకోవాల్సిన మాట. దృక్పథం తప్పని తోచిన చోట చాలాసార్లు శిల్పం కూడా తడబడి ఉంటుంది.

రెండోది, పెద్దల మాట బరువు. నలభై ఏళ్లుగా రాస్తున్న సార్ ఒకరు ‘ఇది కథ కాదమ్మా’ అంటే, తర్వాత ఎవరు ఏమన్నా చెవికెక్కదు. అందుకే ఎవరు నడిపినా సరే, వయసులో చిన్నవాళ్లతో మొదలుపెట్టి పెద్దవాళ్లతో ముగించడం మంచిది. అందరూ తమ మాట ముందే కాగితం మీద రాసుకుని వస్తే ఇంకా మేలు. సార్ మాట్లాడాక ఎవరి అభిప్రాయమూ మారదు. ఇక ‘కథ కాదు’ అన్న తీర్పుని ఏం చేసుకోవాలి? వాదించకుండా, చివర మీ వంతు వచ్చినప్పుడు అడగొచ్చు: ‘సార్, చదువుతుంటే మీకు ఎక్కడి దాకా కథలా అనిపించింది?’ పెద్దాయన పేజీ తిప్పి ఒక పేరా చూపిస్తే, ఆ పూటకి దొరికిన అన్నిటికన్నా విలువైన సమాచారం అదే కావచ్చు. చూపించకపోతే నమస్కారం పెట్టి ఊరుకోవడమే.

రాసుకునే పద్ధతి గురించి కొంచెం. పేజీకి ఎడమవైపు వాళ్లన్న మాట, కుడివైపు వాళ్లకి ఏ వాక్యం దగ్గర అలా అనిపించిందో. కుడివైపు ఖాళీగా ఉన్నవాటిని చివర్లో అడిగి నింపుకోవచ్చు. ఫోనులో రికార్డు చేస్తే అందరూ జాగ్రత్తగా మాట్లాడతారు, అది నష్టం. ఆ రాత్రే కూర్చుని దిద్దడం కూడా వద్దు. అవమానమో ఉత్సాహమో తగ్గడానికి వారమో పది రోజులో పట్టొచ్చు. ఈలోగా కొన్ని మాటలు వాటంతటవే రాలిపోతాయి. నచ్చకపోయినా పదేపదే గుర్తొస్తున్న మాట ఉంటే మాత్రం దాన్ని ముందు చూడండి. కోపం తెప్పించిన వ్యాఖ్య తరచుగా మనకి ముందే తెలిసి, ఎవరూ పట్టుకోరులే అని వదిలేసిన చోటిదే అయ్యుంటుంది.

ఏ దశలో కథని పెట్టాలన్నది ఇంకో సంగతి. మొదటి డ్రాఫ్టు పెడితే మీకు తెలిసిన లోపాలే ఎనిమిది మంది చెబుతారు, వాళ్ల గంటా మీ గంటా వృథా. పత్రికకి పంపేసిన కథ పెడితే మీరు మెచ్చుకోలు కోసం వచ్చారని అర్థం. మీకు చేతనైనంత చేసి, ఎక్కడో తేడాగా ఉంది గానీ ఎక్కడో దొరకడం లేదు అన్నప్పుడు పెట్టాలి. ఇంకో మాట, నిజానికి ఇది ముందే చెప్పాల్సింది: వర్క్‌షాప్‌లో ఎక్కువ నేర్చుకునేది మన కథ వంతు వచ్చినప్పుడు కాదు. పక్కవాళ్ల కథ చదువుతూ విసుగు మొదలైన చోట ఆగి, ‘ఇక్కడే ఎందుకు?’ అని వెనక్కి నాలుగు పేరాలు వెతికే అలవాటు పడితే, అదే కన్ను తర్వాత మన కథ మీదికి తిరుగుతుంది. అచ్చుతప్పులు ఏరుకొచ్చిన ఆయనకి ఈ లాభం దక్కదు.

చివరికి నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్‌కి 1981లో పెద్ద పేరు తెచ్చిన సంపుటి ఉంది. దాన్ని సంపాదకుడు గోర్డన్ లిష్ సగానికి పైగా కోసి అచ్చువేశాడు. 1980లో కార్వర్ పుస్తకం ఆపమని వేడుకుంటూ లిష్‌కి ఉత్తరం రాశాడు, ఆగలేదు. అందులో ఒక కథలో పుట్టినరోజునాడు పిల్లవాడు కారు గుద్ది ఆసుపత్రి పాలవుతాడు. కేకు తీసుకెళ్లలేదని బేకరీ అతను ఇంటికి ఫోన్లు చేస్తుంటాడు. లిష్ కోసిన రూపంలో కథ ఫోను మోతతో తెగిపోతుంది. 1983లో కార్వర్ అదే కథని తనకి కావాల్సినంత నిడివితో తన తర్వాతి సంపుటిలో వేసుకున్నాడు. అందులో పిల్లవాడు పోయాక తల్లిదండ్రులు బేకరీకి వెళతారు, అతను వాళ్లని కూర్చోబెట్టి వేడి రొట్టెలు పెడతాడు. కోసిన కథ చెడ్డదని అనలేం, అదే గొప్పదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయినా కార్వర్ చెప్పదలచుకున్నది రొట్టెలు పెట్టిన కథ. విమర్శ మన్నిస్తే కథ బాగుపడుతుందా అని మాత్రమే అడిగితే చాలదు. బాగుపడ్డాక కూడా అది ఇంకా మీరు చెప్పాలనుకున్న కథేనా అని కూడా చూసుకోవాలి. రాజవ్వ కథలో అబద్ధం వాక్యం ఈ రెండు పరీక్షలూ నెగ్గుతుంది. ఆశావహంగా ముగించమని, చివర్లో శేఖర్ ఊళ్లోనే కోళ్ల ఫారం పెట్టినట్టు రాయమని ఎవరైనా అంటే మొదటి పరీక్షలోనే పోతుంది.

పాత డ్రాఫ్టుని విడిగా దాచుకుని, దిద్దిన కథని మళ్లీ ఆ ఎనిమిది మందికీ పంపకండి. వాళ్లలో మీ కథని దాని దారిలోనే చదివి, తడబడిన చోటు వేలు పెట్టి చూపించినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లని వదులుకోవద్దు, మీ తర్వాతి కథకి వాళ్లు కావాలి. ఈ కథకి మాత్రం వాళ్లూ పనికిరారు, వాళ్లకి అంతా తెలిసిపోయింది. దీనికి కొత్త పాఠకుడు ఒకరు దొరకాలి. ఇది వర్క్‌షాప్‌లో దిద్దించుకున్న కథ అని కూడా ఆయనకి చెప్పొద్దు. చదివాక ఒక్కటే అడగండి: రాజవ్వ ఎందుకు వెళ్తోందో మీకు ఎక్కడ అర్థమైంది?